మెడ కిందికి కత్తి వద్దు

ఇయ్యాల నేను మాట్లాడబోయేది మగవాళ్లు నలుగురిలో ఎత్తని ముచ్చట. సంకల్లో, గజ్జల్లో, ఎద మీద పెరిగే వెంట్రుకలను ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది. సిగ్గుతో ఎవరినీ అడగకపోవడం వల్లనే చాలా మంది గజ్జల్లో తామర తొడల దాకా పాకినంక, సెగ్గడ్డ చీము పట్టినంక దవాఖానకు వస్తున్నారు. అందుకే ఈ సంగతి దాపరికం లేకుండా చెప్పుకుందాం. ఇంట్లో ఆడవాళ్లు విన్నా మంచిదే, కొడుకులకు చెప్పేది వాళ్లే కదా.

ముందుగా ఒకటి మనసులో పెట్టుకోండి. వెంట్రుక మురికి కాదు. సంకలో, గజ్జల్లో నడిచినప్పుడల్లా చర్మం చర్మాన్ని ఒరుసుకుంటుంది. ఎండాకాలం పొలంలో పని చేసేవాళ్లకు ఆ మంట ఎట్లుంటుందో తెలుసు. ఆ ఒరిపిడిని తగ్గించేది అక్కడి వెంట్రుకే. చెమటకు కూడా తనంతట తనకు వాసన లేదు. చర్మం మీది సూక్ష్మజీవులు సంకలోని చెమటను విడగొట్టినప్పుడు వాసన పుడుతుంది. వెంట్రుక పొడుగ్గా ఉంటే చెమట ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి కురచ చేసుకుంటే మేలు. రోజూ సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకుంటే ఆరోగ్యానికి అది చాలు. నున్నగా గీకాల్సిన అవసరం లేదు.

మన ముస్లిం సోదరులు నలభై రోజులు దాటకుండా ఈ వెంట్రుకలు తీసేయాలన్న నియమం పాటిస్తారు. అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు మండలం రోజులు ఒంటికి కత్తి తగలనివ్వరు. ఇద్దరూ మన ఊర్లలోనే ఉన్నారు, ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు. తీయడమా, ఉంచడమా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది. తీసే పద్ధతి మాత్రం ఇష్టానికి వదిలేసేది కాదు.

ఆపరేషన్‌కు ముందు దవాఖానలో బ్లేడుతో వెంట్రుకలు గీకడం మీలో కొందరు చూసే ఉంటారు. ఎన్నో ఏండ్లు అదే శుభ్రత అనుకున్నారు. తర్వాత పరీక్షించి చూస్తే, గీకిన చోటే పుండ్లకు చీము ఎక్కువగా పడుతోందని తేలింది. బ్లేడు వెంట్రుకతో పాటు చర్మాన్ని కూడా కంటికి కనిపించనంత సన్నగా గీరుతుంది, ఆ గీతల్లో సూక్ష్మజీవులు చేరతాయి. అందుకే 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్‌కు ముందు వెంట్రుకలు తీయనే వద్దని, తప్పనిసరైతే క్లిప్పర్‌తో కత్తిరించాలి తప్ప గీకవద్దని గట్టిగా చెప్పింది. అన్ని జాగ్రత్తలున్న ఆపరేషన్ థియేటర్‌కే వద్దన్న బ్లేడును, బాత్రూంలో సబ్బు నురగ పెట్టుకొని గజ్జల్లో తిప్పడం ఎందుకు? గీకినంక మొలిచే వెంట్రుక కొన కోసుగా ఉంటుంది. అది వంకర తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటే ఎర్రటి పొక్కులు వస్తాయి, కొన్ని సెగ్గడ్డలవుతాయి. షుగర్ ఉన్నవాళ్లకు గజ్జల్లో చిన్న చీముపొక్కు కూడా ప్రమాదమే. వాళ్లు అక్కడ బ్లేడు ముట్టుకోవద్దు. పొక్కు కనిపిస్తే పిసకవద్దు, రెండో రోజుకల్లా డాక్టరుకు చూపించాలి.

గీకితే వెంట్రుక మందంగా మొలుస్తుందనేది ఊరూరా ఉన్న నమ్మకం. 1928లోనే అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త మగవాళ్ల గడ్డాలను కొలిచి అది నిజం కాదని చూపించింది. తెగిన కొన సహజంగా ఉన్నట్టు సన్నబడి ఉండదు కాబట్టి గరుకనిపిస్తుంది, అంతే.

ఇప్పుడు గల్ఫ్ సంగతికి వస్తాను. కామారెడ్డి, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయ్‌కి, సౌదీకి, కువైట్‌కి పోయినవాళ్లు మన ప్రతి ఊర్లో ఉన్నారు. పోయే ముందు మెడికల్ అవుతుంది కదా. అందులో హెచ్‌ఐవీతో పాటు హెపటైటిస్ బి, సి కూడా చూస్తారు. ఏ ఒక్కటి ఉన్నా అన్‌ఫిట్ అంటారు. అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టిన ఇంట్లో ఆ ఒక్క మాట ఎంత పని చేస్తుందో మీకు చెప్పక్కర్లేదు. హెపటైటిస్ బి అంటుకునే దారులు చాలా ఉన్నాయి, తల్లి నుంచి బిడ్డకు రావడం వాటిలో ఒకటి. ఒకరి నెత్తురు తగిలిన బ్లేడు ఇంకొకరికి తగలడం కూడా ఒక దారి. ఎండిపోయిన నెత్తురులో ఈ వైరస్ కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. క్యాంపు గదిలో ఎనిమిది మంది కలిసి ఉన్నప్పుడు సబ్బు, నూనె పంచుకుంటారు, అది మన మంచితనం. రేజరు, ట్రిమ్మరు, తువ్వాల మాత్రం పంచుకోకండి. దోస్తు ఏమనుకుంటాడోనని మొహమాటపడవద్దు, ఎవరిది వాళ్లకే అని పోయిన మొదటి రోజే చెప్పుకోండి.

ఊర్లో కటింగ్ షాపుకు పోయినప్పుడు కూడా ఇదే లెక్క. ఒకప్పుడు నాయీబ్రాహ్మణులు ఇంటికే వచ్చి, వాకిట్లో కూర్చోబెట్టి గడ్డం, సంకలు అన్నీ చేసి, ఏడాదికింత గింజలు తీసుకునేవారు. ఇప్పుడు దాదాపు అందరూ కొత్త బ్లేడే వేస్తున్నారు, అది వాళ్ల బాధ్యత గల పని. మీ కండ్ల ముందు కాగితం విప్పమని మర్యాదగా అడగండి, ఎవరూ తప్పుపట్టరు. గడ్డం అయినంక రుద్దే పటిక రాయిని చాలా మంది గమనించరు. గాట్లు పడ్డ చెంపల మీద పదిమందికీ అదే రాయి. అది వద్దని చెప్పి చల్లటి నీళ్లతో కడుక్కోండి.

వెంట్రుకలు రాల్చే క్రీములు, పొడులు కూడా జాగ్రత్తగా చూడాలి. అవి వెంట్రుకను కరిగించే రసాయనాలు. కాళ్లకు, చేతులకు అని డబ్బా మీద రాసి ఉన్నది మర్మాంగాల దగ్గర పూస్తే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది.

ఇక తామర. గజ్జల్లో గుండ్రంగా ఎర్రగా లేచి దురదపెడితే మెడికల్ షాపుకు పోయి ట్యూబు తెచ్చుకోవడం అలవాటైపోయింది. ఆ ట్యూబుల్లో చాలావాటిలో క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. నాలుగు రోజులు దురద తగ్గుతుంది, లోపల తామర పెరుగుతూనే ఉంటుంది, చర్మం పలచబడి చారలు పడతాయి. 2018లో కేంద్రం ఇట్లాంటి స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన పెట్టింది. మామూలు మందులకు లొంగని కొత్త రకం తామర మన దేశంలో పాకింది, దానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరులోనే ఇండియా ఉంది: ట్రైకోఫైటన్ ఇండోటినియే. తామర ఉన్న చోట బ్లేడు వేస్తే గీతల వెంట అది ఇంకా పాకుతుంది. తగ్గేదాకా గీకడం బందు పెట్టి, చర్మం డాక్టరుకు చూపించండి. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్లనూ వెంట తీసుకుపోండి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

చేసుకునే పద్ధతి కష్టమేం కాదు. గార్డు ఉన్న ట్రిమ్మరు గానీ, కొన మొద్దుగా ఉన్న చిన్న కత్తెర గానీ తీసుకోండి. స్నానానికి ముందు, ఒళ్లు పొడిగా ఉన్నప్పుడు, వెలుతురులో నిలబడి కురచగా కత్తిరించండి. తర్వాత స్నానం చేసి, పూర్తిగా ఆరినంక వదులుగా ఉండే నూలు బట్ట వేసుకోండి. ట్రిమ్మరు పళ్లను ప్రతిసారీ శుభ్రం చేసి ఆరబెట్టాలి. గడ్డం కోసం వాడేది కిందికి వాడవద్దు.

చివరగా గల్ఫ్ పోదామనుకుంటున్న తమ్ముళ్లకు ఒక మాట. హెపటైటిస్ బికి టీకా ఉంది. మొదటిది వేసుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. ఆరు నెలలు పడుతుంది కాబట్టి వీసా వచ్చినంక చూద్దామంటే కాదు. పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టిన వారమే దవాఖానకు పోయి, ముందు రక్త పరీక్ష చేయించుకొని, మొదటి టీకా వేయించుకోండి.