పెట్టెలోని ఆకు
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



ప్రతివర్షము ఈ సభలో మేము పరీక్షాఫలితములను గూర్చియు, పాఠశాల అవసరములను గూర్చియు మనవి చేయుట వాడుక. అవి యన్నియు అచ్చయి మీ చేతులలోనే యున్నవి. కావున ఈ సాయంకాలము ఒక మిఠాయిపెట్టెను గూర్చియు, దాని విషయమున మేము చేసిన పొరపాటును గూర్చియు చెప్పుకొందుము.

నిరుడు విజ్ఞానప్రదర్శనమునకు ఎనిమిదవ తరగతి బాలుడొకడు ఖాళీ మిఠాయిపెట్టెలో దూది పరచి, అందు మూడు రాళ్లనమర్చి తెచ్చెను. మూతపై "నా శిలాజములు" అని వ్రాసియుండెను. ఇంటి వెలుపల తెలుగు వినబడని వీధిలో పెరుగు బిడ్డ ఆ మాటను తప్పులేక వ్రాసినందులకే మాకు సగము ఆనందము కలిగినది. మొదటిది రాయలసీమ నుండి వచ్చిన నేలబండ ముక్క. ప్రక్కయిల్లు కట్టుచోట దొరికినది. దానిపై నల్లని చక్కని ఆకు. రెండవది సంతలో కొన్న నిగనిగలాడు శంఖపు చుట్ట. మూడవది అరియలూరులో మేనమామ యిచ్చిన మట్టిరంగు ముక్క. అది ఒక మూలనుండెను. మేము ఆకును పదుగురి యెదుట ఎత్తి చూపి, కోట్ల యేండ్లనాటి ఆకని పలికి, బహుమతి యిప్పించితిమి.

వారము గడచిన పిమ్మట, భూగర్భశాస్త్రము చదివిన ఒక విద్యార్థి తండ్రిగారు వచ్చి, మెల్లగా, "మాస్టారూ, అది ఆకు కాదండి" అనిరి. సభలో అనక అంతవరకు ఆగినందులకు వారికి మేము ఋణపడియున్నాము.

రాతి పగుళ్లలోనికి దిగిన నీటిలో కరిగియున్న మాంగనీసు, ఇనుము పొరల నడుమ కొమ్మలు కొమ్మలుగా పేరుకొనును. దీనిని డెండ్రైటు అందురు. ఆకునకు నడిమి యీనె యుండును, అంచు ఉండును. దీనికి రెండును లేవు; పగులు వద్ద మొదలై, పోను పోను సన్నని శాఖలుగా చీలి ఎక్కడనో ఆగిపోవును. భూతద్దముతో చూచియుండిన పది నిమిషములలో తేలెడిదే. అంతకంటె గట్టి సాక్ష్యము రాతి వయస్సు. కడప, కర్నూలు సీమల ఆ సున్నపురాళ్లు ఏబది కోట్ల సంవత్సరములకు పైబడినవి. అప్పటికి భూమిపై ఆకే పుట్టలేదు. వానిలో ఆకు కనబడుట, తాతగారి పెండ్లి ఫోటోలో మనుమడు నిలుచుండుట వంటిది.

వింత యేమనగా, ఆ కడప సీమలోనే వేంపల్లె సున్నపురాళ్లలో నిజమైన జీవుల జాడలు కలవు. సూక్ష్మజీవులు నీటి అడుగున పొరమీద పొరగా కట్టిన దిబ్బలవి, స్ట్రొమటోలైట్లని పేరు. కోసిన క్యాబేజీవలె కనబడు ఆ రాతిని ఏ పిల్లవాడును ఏరి దూదిలో పెట్టుకొనడు! నిజమైన ఆకుల అచ్చులకు దూరము పోనక్కరలేదు. మన చెన్నపట్నము చెంతనే శ్రీపెరుంబుదూరు ప్రాంతపు పొరలలో పదికోట్ల యేండ్లకు పైబడిన మొక్కల అచ్చులు దొరకినవి.

ఇక సంత చుట్ట. భూతద్దమున గాలిబుడగల గుంటలు కనబడినవి. చుట్టకును అడుగురాతికిని నడుమ జిగురు గీత కనబడినది. అదే చోట అంచు విరిగిన చుట్టలు ఆ అంగడిలో మరి నాలుగుండెనని బాలుడే జ్ఞాపకము చేసికొని చెప్పెను. ఒకే అచ్చులో పోసినవన్నమాట. అయినను మెరుగుపెట్టినదెల్ల కపటము కాదు. నిజమైన అమ్మొనైటును కోసి మెరుగుపెట్టియు అమ్ముదురు. విరిగినదానిని పూడ్చి రంగువేసియు అమ్ముదురు. (ఈ మాట విని ఎవరును పూజామందిరములోని సాలగ్రామమును సూదితో గీకవలదు. గండకీనదీ సాలగ్రామములలోని చక్రములు అమ్మొనైట్ల జాడలే. కాని అక్కడి విలువ వేరు.)

మూలనున్న ముక్కయే నిజమైనది. అరియలూరు ప్రాంతము ఒకప్పుడు సముద్రము. నేడు సిమెంటునకై త్రవ్వు అక్కడి సున్నపురాతిలో గవ్వలు, అమ్మొనైట్లు విరివిగా కలవు. ఈ గవ్వ గాడులు విరిగినచోట రాతి లోపలికిని సాగియున్నవి. పైన చెక్కినవి కావు. దానికి చుట్టిన కాగితముపై మేనమామ దొరికిన చోటును, తేదీని వ్రాసియుండిరి. మేమా కాగితమును చెత్తయనుకొంటిమి. చోటు తెలిసినను పోలిక మోసగించుట కలదు: 2020లో పెరంబలూరు జిల్లా కున్నము వద్ద గుండ్రని రాళ్లు బయటపడగా రాక్షసబల్లి గ్రుడ్లని వదంతి పుట్టినది, నిపుణులు చూచి కాదనిరి.

ఎగ్మూరు మ్యూజియములోని శిలాజములతో పోల్చి చూచుకొని, సోమవారము ప్రార్థనాసమావేశమున మా తప్పును చెప్పితిమి. బాలుడు వచ్చి, "సార్, బహుమతి తిరిగి ఇచ్చివేయవలెనా?" అని అడిగెను. కొంతసేపు మాకు మాట రాలేదు. "తప్పు చెప్పినది మేము, నీవు కాదు" అంటిమి. సాయంత్రము వాని తల్లిగారు వచ్చి, "ఆకనుకొంటే ఎవరికేమి నష్టమండీ? వాడు రాత్రి అన్నము తినలేదు" అనిరి. ఆమె బాధ న్యాయమైనదే. కాని తెలుగులో చదివినవారికి శాస్త్రము రాదనువారు ఈ ఊరిలో కొదువలేరు. వాడు కళాశాలకు పోయిన పిమ్మట ఎవరో నవ్వి ఆ మాట చెప్పినచో, మేము చెప్పిన తక్కిన పాఠములను వాడేల నమ్మును? ఆమెకు ఇదియే చెప్పితిమి. ఆమె సమాధానపడిరని చెప్పలేము.

నాలుగు దినములకు పెట్టె తిరిగి వచ్చినది. చీటీలు మారినవి. "ఆకు కాదు, మాంగనీసు" అని ఒకటి; "అచ్చుపోసినది, 300 రూపాయలు" అని ఒకటి. అరియలూరు ముక్క నడిమికి వచ్చినది. మేనమామ కాగితము దాని క్రింద మడిచియున్నది.

సెలవులలో తిరువక్కరై శిలావృక్షములను చూడబోవువారు అక్కడినుండి ముక్కయైనను తేవలదు. అది రక్షిత స్థలము. పెట్టె ప్రయోగశాల బీరువాపై నున్నది. సభానంతరము చూడవచ్చును, భూతద్దము ప్రక్కనే యుంచితిమి.