స్లగ్గా, పెల్లెట్టా? మన ఎయిర్ రైఫిల్‌కి ఏది సెట్ అవుతుందో మనమే టెస్ట్ చేద్దాం

రాజమండ్రి నుంచి మళ్లీ మీ ముందుకొచ్చాను. ఈ ఎపిసోడ్ చేయమని రెండు నెలల నుంచి అడుగుతున్నారు. "అన్నా, స్లగ్స్ వేస్తే గన్ పవర్ పెరుగుతుందంట కదా, ఏ కంపెనీవి కొనమంటావ్?" అని. నేను కూడా మొదట్లో అలాగే అనుకున్నానండీ. అనుకుని, డబ్బులు పెట్టి, టెస్ట్ చేసి, ఒకసారి గుండె ఆగినంత పనై, అప్పుడు నేర్చుకున్నాను. అదంతా దాచుకోకుండా చెప్తాను. చివరిదాకా వినండి.

మనవైపు ఎయిర్ గన్ అంటే చాలామందికి మొదట గుర్తొచ్చేది తీర్థంలో బుడగల షాపే. అంతర్వేది తీర్థానికి వెళ్లినా, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లినా, చిన్నప్పుడు నా కళ్లు బుడగల షాపు కోసమే వెతికేవి. బుడగ పగలకపోతే "ఈ గన్ వంకరరా" అనేవాళ్లం. పగిలితే "నా గురి చూశావా" అనేవాళ్లం. తప్పు గన్‌ది, గొప్ప మనది! ఈరోజు చెప్పేదంతా ఆ అలవాటు మానుకోవడం గురించే అనుకోండి.

ముందు చట్టం సంగతి. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు పాయింట్ 177, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. ఈ రెండింట్లో ఏది దాటినా లైసెన్స్ కావాల్సిందే. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీరు చూసే విదేశీ స్లగ్ వీడియోల్లో ఎక్కువ భాగం పాయింట్ 22, పాయింట్ 25, ఇంకా పెద్ద బోరువి. వాటి శక్తి మన లిమిట్‌కి రెండింతలు, మూడింతలు ఉంటుంది. వాళ్లకి వంద మీటర్ల దగ్గర వచ్చిన రిజల్ట్ చూసి మనం ఇక్కడ డబ్బా ఆర్డర్ పెట్టేస్తే ఎలాగండీ?

సరే, అసలు తేడా ఏంటో చూద్దాం. మామూలు పెల్లెట్‌ని చేతిలోకి తీసుకుని చూడండి. తల ఉంటుంది, నడుము సన్నగా ఉంటుంది, వెనక గౌనులాగా విచ్చుకుని ఉంటుంది. షటిల్ కాక్ గుర్తుందా? ఈకలవైపు గాలి లాగుతుంది కాబట్టి దాని తల ఎప్పుడూ ముందుకే ఉంటుంది. పెల్లెట్ కూడా అంతే. బారెల్‌లోని గాడులు దాన్ని తిప్పుతాయి, గాలి దాని తోకని పట్టుకుని ఉంటుంది. రెండు రకాలుగా సాయం అన్నమాట.

స్లగ్‌కి నడుముండదు. అది చిన్న బుల్లెట్ ఆకారం, దాదాపు సిలిండర్. చాలావాటికి ముక్కు మీద గుంట ఉంటుంది. గాలి దాన్ని తక్కువగా ఆపుతుంది, అందుకే వేగం తొందరగా పోదు. కానీ తోక సాయం లేదు కదా! అది నిలబడాలంటే తిరగడమొక్కటే ఆధారం. మన బొంగరం లాగా. తాడు సరిగ్గా చుట్టి గట్టిగా లాగితే నిలబడుతుంది, లేకపోతే తూలిపోతుంది. ఇక్కడ తాడు చుట్టేది బారెల్. గాడులు ఎంత దూరానికి ఒక చుట్టు తిరుగుతాయో దాన్ని ట్విస్ట్ రేట్ అంటారు. చాలా ఎయిర్ రైఫిల్ బారెల్స్‌లో అది 16 నుంచి 18 అంగుళాలకి ఒక చుట్టు ఉంటుంది. అది పెల్లెట్ కోసం పెట్టింది. పొట్టి స్లగ్ అయితే అందులో నిలబడొచ్చు. పొడవైన స్లగ్ అయితే తూలుతుంది. అందుకే "బరువెక్కువది కొంటే బెస్ట్" అన్న మాట నమ్మకండి. ఒకే బోరులో బరువు పెరిగితే పొడవు పెరుగుతుంది, పొడవు పెరిగితే నిలబడడం కష్టం.

ఇప్పుడు పవర్ సంగతి. చిన్న లెక్క చేద్దాం, భయపడకండి. సరిగ్గా 20 జౌల్స్ దగ్గర 8.44 గ్రెయిన్ల పెల్లెట్, అంటే 0.547 గ్రాములది, సెకనుకి సుమారు 270 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. అదే 20 జౌల్స్‌తో 10 గ్రెయిన్ల స్లగ్, అంటే 0.65 గ్రాములది, సుమారు 248 మీటర్లతో వస్తుంది. బరువు పెరిగింది, వేగం తగ్గింది, శక్తి అంతే. పీసీపీ గన్‌లో బరువైనది వేస్తే శక్తి కాస్త పెరగొచ్చు కూడా. పెరిగి 20 దాటితే మీరు లైసెన్స్ లేని ఆయుధం పట్టుకున్నట్టే, అది గుర్తుపెట్టుకోండి.

మరి స్లగ్‌కి లాభమే లేదా? ఉందండీ, అబద్ధం చెప్పకూడదు. 25 మీటర్లు వెళ్లేసరికి ఆ పెల్లెట్, ఆ స్లగ్, రెండూ లెక్క ప్రకారం సుమారు 230 మీటర్ల వేగం దగ్గరే కలుస్తాయి. అక్కడిదాకా పెద్ద తేడా లేదు. కానీ పక్కనుంచి సెకనుకి 3 మీటర్ల గాలి వీస్తుంటే పెల్లెట్ రెండు సెంటీమీటర్లు పక్కకి పోయే చోట స్లగ్ ఒక సెంటీమీటరే పోతుంది. మనకి మధ్యాహ్నం దాటితే సముద్రం వైపు నుంచి గాలి మొదలవుతుంది కదా, అప్పుడు అది మంచి లాభమే. కాకపోతే ఒక షరతు. స్లగ్ మీ బారెల్‌లో నిలబడాలి. నిలబడుతుందో లేదో డబ్బా మీద రాసి ఉండదు. టెస్ట్ చేస్తేనే తెలుస్తుంది.

టెస్ట్ ఎలాగో చెప్తాను, రాసుకోండి.

ఒకటి, తూకం. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. డబ్బాలోంచి ఒక ఇరవై తీసి తూచండి. అన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయా, లేక ఒకటి అటు ఒకటి ఇటు ఉన్నాయా చూడండి. డబ్బా అడుగున సీసం పొడి, నొక్కుకుపోయిన అంచులు ఉంటే వాటిని పక్కన పెట్టేయండి.

రెండు, సైజు. 4.5 అని రాసినంత మాత్రాన అన్నీ ఒకటే కాదు, మిల్లీమీటర్‌లో వందో వంతు తేడాతో కూడా వస్తాయి. వేలితో తోస్తే గట్టిగా పట్టుకోకుండా జారిపోతే లూజు. బలంగా గుచ్చాల్సి వస్తే టైటు. మ్యాగజైన్ ఉన్న గన్ అయితే స్లగ్ పొడవు అందులో పడుతుందా చూడండి. ఇరుక్కుంటే బలవంతంగా బోల్ట్ లాగి మళ్లీ తోయకండి, ఒకదాని వెనక ఇంకోటి బారెల్‌లోకి వెళ్లిపోతుంది. స్ప్రింగ్ గన్ ఉన్న తమ్ముళ్లకి ఒక మాట. టైటుగా, బరువుగా ఉన్న స్లగ్ మీ పిస్టన్‌కి మంచిది కాదు. మీకు మంచి పెల్లెట్టే దారి.

మూడు, వేగం. క్రోనోగ్రాఫ్ ఉన్నవాళ్ల దగ్గర ఓ గంట అడిగి తెచ్చుకోండి. పది షాట్లు కొట్టి అన్నీ రాయండి. జౌల్స్ కావాలంటే బరువు కిలోల్లో పెట్టి, వేగంతో రెండుసార్లు గుణించి, సగం చేయండి. పీసీపీ అయితే ప్రతి టెస్టూ ఒకే ప్రెషర్ దగ్గర మొదలుపెట్టాలి, లేకపోతే పోలికే ఉండదు.

నాలుగు, అసలైనది, గ్రూపు. పొద్దున్నే ఆరింటికి, గాలి లేనప్పుడు, గన్‌ని బస్తా మీద ఆనించి కొట్టండి. రకం మార్చినప్పుడల్లా బారెల్ తుడిచి, ఒక పదిహేను షాట్లు ఊరికే కొట్టండి, బారెల్ కొత్తదానికి అలవాటు పడాలి. తర్వాత ఐదేసి షాట్ల గ్రూపులు ఐదు. ఒక్కో గ్రూపులో బాగా దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య కొలిచి, 4.5 తీసేయండి. ఐదు గ్రూపుల సగటు తీయండి. వీలైతే మీ ఫ్రెండ్‌ని పక్కన కూర్చోబెట్టి, ఏ రకం ముందు, ఏ రకం వెనక అనేది వాడినే చీటీ తీయమనండి. మనకిష్టమైనది కొట్టేటప్పుడు మనకి తెలియకుండానే ఊపిరి బిగబట్టి జాగ్రత్తగా కొడతాం. డబ్బులు ఎక్కువ పెట్టింది గెలవాలని మన మనసుకుంటుంది కదా!

ఇప్పుడు నా సంగతి చెప్తాను. నా పీసీపీతో 25 మీటర్ల దగ్గర పెల్లెట్ సగటు 14 మిల్లీమీటర్లు వచ్చింది. స్లగ్ సగటు 31. కానీ ఆ స్లగ్ గ్రూపుల్లో ఒకటి మాత్రం 9 మిల్లీమీటర్లు! ఐదూ ఒకే చోట. నేను ఆ కాగితం పట్టుకుని ఎగిరి గంతేశాను. ఫోటో తీశాను, థంబ్‌నెయిల్ కూడా రెడీ చేసేశాను. మిగతా నాలుగు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదండీ. నా వీడియో చూసి ఒక కుర్రాడు పార్ట్‌టైమ్ డబ్బులు పోగేసి అవే కొంటాడు. వాడికి ఆ 9 రాదు, ఆ 31 వస్తుంది. వాడేమనుకుంటాడు? తన గురి బాగోలేదనుకుంటాడు. తెల్లారాక ఆ థంబ్‌నెయిల్ తీసేశాను. బుడగల షాపు అలవాటు అన్నానే, ఇదే అది. వచ్చినది మన గొప్ప, రానిది లెక్కలోకి రాదు. గ్రూపు ఫోటో ఒకటే చూపించి అమ్మేవాళ్లని "మిగతా నాలుగు ఎక్కడ?" అని అడగండి.

గుండె ఆగినంత పని అని మొదట్లో అన్నాను కదా, ఇప్పుడు అది. టెస్ట్ మా బాబాయి కొబ్బరి తోటలో చేశాను. వెనక అడ్డంగా పాత చెక్క ఒకటి పెట్టాను. పెల్లెట్స్‌కి ఆ చెక్క ఎన్నో రోజులు సరిపోయింది. స్లగ్స్‌లో ఒకటి తూలి చెక్క అంచుకి తగిలింది. అక్కణ్ణుంచి చెట్టు మొద్దుకి తగిలి, కాలవ వైపున్న రేకుల షెడ్డు మీద "టంగ్" మని మోగింది. ఆ షెడ్డు పక్కనే మా పిన్ని గిన్నెలు తోముతోంది. ఆవిడ తలెత్తి "ఏంట్రా ఆ చప్పుడు?" అంది. నాకు నోట మాట రాలేదు. రెండు గజాలు ఇటు వచ్చుంటే ఆవిడ కన్ను పోయేది. ఆరోజు మళ్లీ గన్ ముట్టుకోలేదు.

ఆలోచించండి, మన డెల్టాలో కొండలుండవు. ఎటు చూసినా బల్లపరుపు నేల. వరి చేనులో ఎవరో ఒకరు వంగి పని చేస్తూనే ఉంటారు. పక్కన కాలవ ఉంటుంది, తక్కువ ఎత్తులో వెళ్లిన సీసం నీళ్ల మీద పెంకు జారినట్టు జారి అవతలి గట్టుకి పోతుంది. గురి తప్పిన గుండు వందల మీటర్లు వెళ్తుంది, స్లగ్ అయితే ఇంకా ఎక్కువ. అందుకే ఇప్పుడు నా పద్ధతి ఇదండీ. టార్గెట్ వెనక ఇసుక బస్తాలు రెండు వరసలు, మనిషి ఎత్తు. దాని వెనక మట్టి గట్టు. నాకూ పక్కనున్నవాళ్లకీ కళ్లద్దాలు. పిల్లలు, కోళ్లు, కుక్కలు అన్నీ నా వెనకే. అది లేని చోట ఒక్క షాట్ కూడా కొట్టను.

ఇంకో మాట, కొంతమందికి నచ్చకపోవచ్చు. "కొంగలకి ఏ స్లగ్ బాగుంటుంది?" అని అడిగేవాళ్లకి నా దగ్గర జవాబు లేదు. కొంగైనా, నత్తగుల్ల కొంగైనా, చెరువులో చేప తినేసే నీటికాకైనా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కొట్టడం నేరం. భీమవరం వైపు చెరువుల రైతుల బాధ నాకు తెలుసు, మావాళ్లకీ చెరువులున్నాయి. దానికి వల కట్టుకుంటారు, తీగలు లాగుతారు. గన్ కాదు. ఇసుక బస్తాలో పడిన సీసం కూడా జల్లెడ పట్టి తీసేయండి, పొలంలో వదలకండి. కోతలయ్యాక బాతుల మందలు మన చేలల్లోకి దిగుతాయి కదా, అవి ఇసుక రాయి అనుకుని సీసం మింగితే విషమే. కొట్టాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా పునుగులు తినకండి, ఆయ్!

చివరగా, ఏది కొనాలి? లైసెన్స్ అక్కర్లేని పాయింట్ 177 గన్‌తో 10 నుంచి 30 మీటర్ల వరకు కాగితం మీద కొట్టేవాళ్లకి మంచి పెల్లెట్ చాలు. ఒలింపిక్స్ 10 మీటర్ల పోటీలో పదో నంబరు చుక్క సైజు అర మిల్లీమీటరు. దాన్ని కొట్టేవాళ్లు వాడేది కూడా చదును తల పెల్లెట్టే. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది ఆ ఈవెంట్‌లోనే. కాబట్టి రెండు మూడు రకాల పెల్లెట్లు చిన్న డబ్బాలు తెచ్చుకుని ముందు వాటిని టెస్ట్ చేయండి. గెలిచిన రకం పెద్ద డబ్బా కొనండి. పీసీపీ ఉండి, వెనక గట్టి మట్టి గట్టు ఉండి, గాలిలో దూరం కొట్టాలన్న కోరిక ఉంటే అప్పుడు పొట్టి స్లగ్స్ ఒక్క డబ్బా ట్రై చేయండి. మీ బారెల్ ఏం చెప్తే అదే ఫైనల్. నేను చెప్పింది కూడా కాదు.

మీ టెస్ట్ రిజల్ట్స్ పంపించండి. ఒక్కటే కోరిక, ఐదు కాగితాలూ పంపండి. నా ఐదు స్లగ్ కాగితాలు, ఆ 9తో సహా, ఇదిగో ఈ గోడ మీద అంటించాను, చూస్తున్నారుగా. ఉంటానండీ, జాగ్రత్త.