కంతికి పేరు పెట్టుట

ఉద్దానం తీరాన చుట్ట త్రాగే స్త్రీలలో, ముఖ్యంగా వయసు మళ్ళినవారిలో, నిప్పు ఉన్న కొసను నోటిలో ఉంచుకొని పొగ పీల్చేవారు నేటికీ ఉన్నారు. అదే అడ్డపొగ. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదని కొందరంటారు. ఆ వేడిమి, ఆ పొగ తిన్నగా తగిలేది అంగిలికి. అంగిలి తెల్లబారుతుంది, దానిపై ఎర్రని చుక్కలు పొడచూపుతాయి. "గడ్డ లేదు, నొప్పి లేదు, ఇక భయమెందుకు?" అని ఊరుకుంటారు. పొరబాటు ఇక్కడనే ఉన్నది.

ట్యూమర్ అనే లాటిన్ మాటకు వాపు అనియే అర్థం. కాని వాపు లేని క్యాన్సరు ఉన్నది. ప్రాణభయం లేని పెద్ద గడ్డా ఉన్నది. అందుచేత వైద్యులు పేరు పెట్టేటప్పుడు పరిమాణాన్ని చూడరు. ఏ కణజాలంలో పుట్టినది, చుట్టుప్రక్కలకు చొచ్చుకొనిపోతున్నదా అని విచారిస్తారు. చర్మం, నోటి లోపలి పొర, గ్రంథులు మొదలైన వాటి ఉపకళలో పుట్టి చొచ్చుకొనిపోయేది కార్సినోమా. పీతకు గ్రీకులు పెట్టిన పేరే దానికి మూలం. ఎముక, కండరం వంటి వాటిలో పుట్టిన దుష్టకంతి సార్కోమా. కొవ్వులో పుట్టి ఉన్నచోటనే ఉండేది లైపోమా, గ్రంథిలో పుట్టిన సాధువైన కంతి అడినోమా. అయితే "ఓమా" అనే తోకను చూచి సాధువని నమ్మరాదు. మెలనోమా, లింఫోమా రెండూ దుష్టజాతివే. ఏ వ్యాకరణానికైనా అపవాదాలు తప్పవు గదా! మన సుశ్రుతసంహిత కూడా గ్రంథిని, అర్బుదాన్ని వేర్వేరుగానే చెప్పినది.

ఇప్పుడు మరల అంగిలికి వద్దాం. అక్కడ చిన్న లాలాజల గ్రంథులు అనేకం ఉన్నవి. వాటిలో నున్నగా, మెల్లగా పెరిగే ఉబ్బు అడినోమా కావచ్చును. మానని పుండు పొలుసు కణాల కార్సినోమా కావచ్చును. తెల్లమచ్చ ఇంకను కంతి కాదు. కాని అడ్డపొగ త్రాగేవారిలో అది క్యాన్సరుగా మారే అవకాశం కలది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి, పిండ్‌బోర్గ్, మెహతా ప్రభృతులు 1971లో ప్రకటించిన పరిశోధన ఈ అంగిలి మచ్చలను గురించినదే.

చూపుతో ఈ భేదం నిశ్చయంగా తేలదు. చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడవలసినదే. పలాసలోగాని టెక్కలిలోగాని వైద్యుడు ఈ మాట అనగానే, కత్తి తగిలితే వ్యాధి పాకుతుందని ఇంటివారు వెనుదీస్తారు. ఆ భయానికి ఆధారం లేదు. ముక్క తీయనిదే పేరు లేదు. పేరు తెలియనిదే చికిత్స నిర్ణయం కాదు.

పరీక్ష ఫలితం వచ్చిన తరువాత దానిని వైద్యునిచేత పూర్తిగా చదివించుకొనండి. "హార్డ్ పాలెట్" అన్నది చోటు. "స్క్వామస్ సెల్" అన్నది కణజాతి. "కార్సినోమా" అన్నది దాని నడత. దాని ప్రక్కన "ఇన్ సైటు" అని ఉన్నచో, వ్యాధి ఇంకను పై పొరను దాటి లోపలికి దిగలేదన్న మాట.