కరెంటు వెల్డింగు: కొత్తవారు తెలుసుకోవలసిన విషయాలు
(పాల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



సహకార ఇన్‌స్పెక్టర్లమైన మేము మీ ముందుకు వచ్చినప్పుడల్లా రిజిస్టర్ల గురించి, బాకీల గురించి, సర్వసభ్య సమావేశం గురించి మాట్లాడటం ఆనవాయితీ. ఈ రోజు సంగతి వేరు. చేత్తో మోసుకుపోదగిన చిన్న ఇన్వర్టర్ వెల్డింగు సెట్లు ఇప్పుడు పల్లెలకు వచ్చాయి. ఇంటి కరెంటు మీదనే నడుస్తున్నాయి. గేటు బందు ఊడినా, గాడి స్టాండు విరిగినా, క్యాన్లు పెట్టే బల్ల కాలు ఊగినా పట్నం పోకుండా మన కుర్రవాళ్ళే అతికించుకుంటున్నారు. సంతోషించవలసిన విషయమే.

అయితే వోచర్లు చూసేటప్పుడు మాకు ఒక లోటు కనిపిస్తున్నది. యంత్రానికి బిల్లు ఉంటుంది, రాడ్లకు బిల్లు ఉంటుంది. ముఖానికి అడ్డుపెట్టుకునే షీల్డుకు, తోలు చేతితొడుగులకు మాత్రం బిల్లు ఉండదు. ఖర్చు తగ్గించామని కొందరు అంటారు. తగ్గినది ఖర్చు కాదు, కుర్రవాని కంటికి ఉండవలసిన కాపుదల. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఈ పని ఎట్లా జరుగుతుందో చూద్దాం. యంత్రం నుండి రెండు కేబుళ్ళు వస్తాయి. ఒకటి రాడ్డు పట్టే హోల్డరుకు పోతుంది, రెండవది అతికించవలసిన ఇనుముకు తగిలించే క్లాంపుకు పోతుంది. రాడ్డు కొనను ఇనుముకు తాకించి కొద్దిగా ఎత్తితే ఆ సందులో కరెంటు మంటగా దూకుతుంది. ఇనుము కరగడానికి సుమారు 1,500 డిగ్రీల సెంటీగ్రేడు వేడి చాలు. ఈ మంటలో వేడి 3,000 డిగ్రీలకు మించి ఉంటుంది. రాడ్డు, ఇనుము కలిసి కరిగి ఒకటవుతాయి. రాడ్డు మీద ఉండే పూత కూడా కాలి, గాలి తగలకుండా ఆ కరిగిన ఇనుమును కాపాడుతుంది. చివరికి అదే చిట్టెంగా పైన గట్టిపడుతుంది. కనుక పూత రాలిన రాడ్డు, చెమ్మగిల్లిన రాడ్డు పనికిరాదు. అతుకులో బుడగలు పడతాయి. రాడ్ల పెట్టెను క్యాన్లు కడిగే చోట పెట్టకండి.

ఇక చోటు సంగతి. పాలకేంద్రం వెల్డింగు షాపు కాదు. మన దగ్గర తడి నేల ఉంది, గడ్డి ఉంది, పశువు ఉంది. ఈ మూడింటినీ సర్దుకున్న తరువాతనే మంట పుట్టించాలి.

తడి నేల మాట మొదట. మంట పుట్టకముందు హోల్డరుకు, క్లాంపుకు మధ్య సుమారు 50 నుండి 90 వోల్టుల వరకు ఉంటుంది. ఇంటి కరెంటు 230 వోల్టులు గదా, ఇదెంత అని చులకన చేయకూడదు. చెమట పట్టిన ఒళ్ళు, తడిసిన చెప్పులు, నీళ్ళు నిలిచిన గచ్చు కలిస్తే అదే ప్రాణం తీయగలదు. పని వస్తువును బయట పొడి నేల మీదకు తీసుకురండి. కాళ్ళ కింద పొడి చెక్కపలక వేసుకోండి. కేబులును భుజానికి, నడుముకు చుట్టుకోకండి. మరొక మాట. ఎర్తు క్లాంపు అని మనం పిలిచేది నిజానికి కరెంటు తిరిగిపోయే దారి. యంత్రం బాడీకి, సాకెట్టుకు ఇవ్వవలసిన ఎర్తు వేరు. రెండూ ఉండాలి. సాకెట్టు వైపు 30 మిల్లీ యాంపియర్లకు పడిపోయే ఇ.ఎల్.సి.బి. పెట్టించండి. అయితే అది హోల్డరు వైపు తగిలే షాకును ఆపదు. అక్కడ పొడి చేతితొడుగే రక్ష.

రెండవది గడ్డి. నిప్పురవ్వలు ముప్పై అయిదు అడుగుల దూరం వరకు పోగలవు. గడ్డివామి, దాణా బస్తాలు, గోనెసంచులు అంతకన్నా దూరంలో ఉండాలి. ఇసుక బక్కెట్టు చేతికందేలా ఉంచండి. కరెంటు ఉన్న యంత్రం మీద నీళ్ళు పోయరాదు. వరిగడ్డిలో పడిన రవ్వ వెంటనే మండకపోయినా లోలోపల రాజుకోవచ్చు. అందుచేత పని ముగిశాక కనీసం ఒక గంట ఒక మనిషి అక్కడే ఉండి చూడాలి.

మూడవది పశువు. మనిషికి తెలియని కొద్దిపాటి కరెంటు కూడా ఆవుకు, గేదెకు తెలుస్తుంది. తడి నేల మీద నాలుగు కాళ్ళతో నిలబడే జీవం అది. కొట్టంలో గాడి పైపును అతికించవలసి వస్తే పశువులను విప్పి బయట కట్టండి. క్లాంపును అతుకు దగ్గరలోనే తగిలించండి. కొట్టం ఆ చివర పైపుకు తగిలిస్తే కరెంటు పైపులన్నింటి మీదుగా తిరుగుతుంది. పాల కేంద్రంలోనైతే తూకం యంత్రాన్ని, పాల పరీక్ష యంత్రాన్ని ప్లగ్గు పీకి ఉంచండి. ఉదయం, సాయంత్రం పాలుపోసే వేళల్లో ఈ పని అసలే వద్దు. క్యూలో పిల్లలు ఉంటారు, ఆ వెలుగును చూడవద్దంటే చూస్తారు.

చోటు కుదిరింది, ఇప్పుడు మనిషి. నూలు బట్టలు, నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, కాలు మొత్తం కప్పే బూట్లు వేసుకోవాలి. లుంగీ, నైలాను చొక్కా, హవాయి చెప్పులు పనికిరావు. జేబులో అగ్గిపెట్టె, లైటరు ఉండరాదు. షీల్డుకు 10 లేక 11 నంబరు నల్ల గాజు ఉండాలి. ఎండకు పెట్టుకునే నల్ల కళ్ళద్దాలు దీనికి బదులు కావు.

పని నేర్చే పద్ధతి చెబుతాం. మొదటి రోజే గేటు మీద చెయ్యి పెట్టకండి. పావు అంగుళం మందం పాత ఇనుప రేకు మీద సుద్దతో గీతలు గీసి, గీత వెంట నడపడం అలవాటు చేసుకోండి. తుప్పు, రంగు, నూనె తీగ బ్రష్షుతో పోగొట్టండి. 10 గేజి అని మనం అనే 3.15 మిల్లీమీటర్ల రాడ్డుకు 90 నుండి 130 యాంపియర్ల వరకు, 12 గేజి అనే 2.5 మిల్లీమీటర్ల రాడ్డుకు 60 నుండి 90 వరకు సరిపోతుంది. రాడ్ల పెట్టె మీద ముద్రించిన అంకెలే ప్రమాణం.

అగ్గిపుల్ల గీసినట్లు రాడ్డును గీసి ఎత్తాలి. అతుక్కుపోతే కంగారుపడి లాగకండి, మెలితిప్పి విడదీయండి. రాకపోతే హోల్డరు నుండి రాడ్డును వదిలివేయండి. షీల్డు మాత్రం దించవద్దు. రాడ్డు కొనకు, ఇనుముకు మధ్య సందు రాడ్డు మందమంత ఉంటే చాలు. రాడ్డును నడిచే దిక్కుకు కొంచెం వాల్చి, తొందర లేకుండా లాగాలి. చెవి పెట్టి వినండి. నూనెలో గారె వేగుతున్నట్లు నిలకడగా చిటపటలాడితే సరిగా పోతున్నదన్నమాట. అతుకు ఇనుము మీద ముద్దగా కూర్చుంటే కరెంటు తక్కువ. అంచులు తినేసి రవ్వలు విపరీతంగా చిమ్మితే కరెంటు ఎక్కువ. రెండు ముక్కలను అతికించేటప్పుడు ముందు రెండు చివరలా చిన్న టాకాలు వేసి, వంకర లేదని చూసుకుని, తరువాత పూర్తిగా నడపండి. చిట్టెం కొట్టేటప్పుడు తెల్లని కళ్ళద్దాలు పెట్టుకోండి. వేడి చిట్టెం కంట్లోకే ఎగురుతుంది.

అతికించకూడనివి కూడా ఉన్నాయి. ఖాళీ డీజిలు డ్రమ్ము ఖాళీ కాదు, అందులో ఆవిరి ఉంటుంది, వెల్డింగు పెడితే బాంబులా పేలుతుంది. నీళ్ళతో ఒకసారి కడిగినంత మాత్రాన సరిపోదు. గడ్డి కత్తిరించే యంత్రపు చక్రం పోత ఇనుముది. మామూలు రాడ్డుతో అతికిస్తే పైకి బాగున్నట్లే ఉండి, తిరిగే వేగంలో పగిలి మనిషి మీదకు వస్తుంది. దానిని మార్చవలసిందే. బల్క్ కూలరు గ్యాసు పైపుల జోలికి పోకండి. అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు పాల క్యాన్లను మన రాడ్లతో అతికించరాదు. గరుకు అతుకులో పాలు ఇరుక్కుని పులిసి, క్యానులోని పాలన్నిటినీ చెడగొడతాయి.

చివరిగా పాలకు సంబంధించిన రెండు నమ్మకాల గురించి చెప్పాలి. జి.ఐ. పైపుల మీద జింకు పూత ఉంటుంది. అతికించేటప్పుడు తెల్లని పొగ వస్తుంది. అది పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తాయి. పనికి ముందు గ్లాసెడు పాలు తాగితే ఏమీ కాదని వెల్డర్లు చాలామంది నమ్ముతారు. పాలు అమ్ముకుని బ్రతికే మనమే ఈ మాట చెప్పాలి: పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి, పాలు పోయేది కడుపులోకి. పాలు బలానికి తాగండి, పొగకు విరుగుడుగా కాదు. అతుకు వేసే చోట పూత అరగదీసి, ఆరుబయట గాలికి ఎదురుగా కాక పక్కగా నిలబడి పనిచేయండి. ఆయాసం వచ్చినా, జ్వరం రెండు రోజులకు తగ్గకపోయినా ఆసుపత్రికి పోవాలి.

రెండవ నమ్మకం మరీ ప్రమాదం. షీల్డు లేకుండా మంటను చూస్తే అప్పటికి ఏమీ తెలియదు. ఆరు నుండి పన్నెండు గంటలకు కళ్ళలో ఇసుక పోసినట్లు మంట, నీరు కారడం మొదలవుతాయి. అప్పుడు ఇంట్లోవారు పచ్చిపాలో, తల్లిపాలో కంట్లో పిండుతారు. ఆ కంటిపొర అప్పటికే దెబ్బతిని ఉంటుంది, పాలలోని క్రిములు చేరితే పుండు పడి చూపే పోవచ్చు. శుభ్రమైన చల్లని గుడ్డ మూసిన కంటిమీద వేసి, చీకటి గదిలో పడుకోబెట్టి, కంటి వైద్యునికి చూపండి. దుకాణంలో అడిగి తెచ్చిన చుక్కలు వేయకండి.

కాబట్టి పాలకవర్గాలకు మా మనవి ఒకటే. వెల్డింగు సెట్టు కొనడానికి తీర్మానం రాసేటప్పుడు అదే తీర్మానంలో షీల్డు, తోలు చేతితొడుగులు, కళ్ళద్దాలు, ఇ.ఎల్.సి.బి., ఇసుక బక్కెట్టు కూడా రాయండి. అవి లేని రోజున యంత్రాన్ని బీరువాలోనే ఉంచి తాళం కార్యదర్శిగారి దగ్గర పెట్టండి. మేము తనిఖీకి వచ్చినప్పుడు ఆ వోచరు కూడా చూపిస్తే ఎంతో సంతోషిస్తాం.