న్యాయశాస్త్రం మన బిడ్డల తొలి ఎంపిక కావాలి

(ఇంటర్మీడియట్ విద్యార్థులు, తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగం)





మన ఇళ్లలో వకీలు మాట ఎప్పుడు వస్తుంది? అన్నదమ్ముల మధ్య ఇంటి వాటా తేలనప్పుడు, ఆడబిడ్డ కాపురం చెదిరినప్పుడు, కుర్రవాణ్ని పోలీసులు స్టేషనుకు తీసుకుపోయినప్పుడు. అప్పుడు రాత్రికి రాత్రి వకీలు కోసం వెదుకుతాం. ఆయన చెప్పింది అర్థం కాకపోయినా తల ఊపుతాం. చూపిన చోట సంతకం చేస్తాం. అదే మన బిడ్డ 'నేను లా చదువుతాను' అంటే మాత్రం 'ఏం, మార్కులు తక్కువ వచ్చాయా?' అని అడుగుతాం. ఆపదలో వెదికే విద్యను తీరిక ఉన్నప్పుడు కాదనుకుంటున్నాం.

ఈ విద్య విలువ తెలియడానికి మన రిజర్వేషన్ల చరిత్ర ఒక్కటి చాలు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలకు 5 శాతం కేటాయిస్తూ వచ్చిన ఉత్తర్వును హైకోర్టు కొట్టివేసింది. 2005లో చేసిన చట్టమూ నిలవలేదు. 2007లో వెనుకబాటుతనం ప్రాతిపదికగా 14 ముస్లిం వర్గాలను గుర్తించి, బీసీ-ఇ కింద 4 శాతం కల్పించారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానినీ రద్దు చేసింది. ఆ మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతోనే అది కొనసాగింది. ప్రతిసారీ కోర్టులో తలెత్తిన ప్రశ్న ఒక్కటే: వెనుకబాటుతనాన్ని ఎవరు, ఏ పద్ధతిలో, ఏ ఆధారాలతో నిర్ధారించారు? సభలూ ఊరేగింపులూ అవసరమే. కాని ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ఆధారాలతో నిండిన ఫైలు, దానిని చదివి వాదించగల మనిషి. ఈనాడు బీసీ-ఇ సీటులో చదువుతున్న ప్రతి బిడ్డా ఒక వాదన ఫలితాన్ని అనుభవిస్తున్నట్టే.

ఇక దారి సంగతి. ఇంటర్ ఏ గ్రూపుతో చదివినా అయిదేళ్ల లా కోర్సులో చేరవచ్చు. డిగ్రీ ముగించినవారికి మూడేళ్ల కోర్సు ఉంది. మన రెండు రాష్ట్రాలలో లాసెట్ ద్వారా ప్రవేశాలు జరుగుతాయి. ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఉంటుంది. హైదరాబాదు దగ్గర శామీర్‌పేటలోని నల్సార్, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం వంటి జాతీయ సంస్థలకు క్లాట్ రాయాలి. అది ఇంగ్లిషులో దీర్ఘమైన పేరాలు చదివి ఆలోచించే పరీక్ష. తెలుగు, ఉర్దూ మాధ్యమాల పిల్లలు భయపడనక్కరలేదు. అయితే ఇంటర్ మొదటి ఏడాదినుంచే రోజూ ఇంగ్లిషు దినపత్రిక చదివే అలవాటు చేసుకోవాలి.

కళాశాలను ఎంచుకునేటప్పుడు బార్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, పాఠాలు నిజంగా జరుగుతున్నాయా, గ్రంథాలయం తెరిచి ఉంటుందా అని వెళ్లి చూడండి. 'హాజరు సంగతి మేం చూసుకుంటాం, పరీక్షకు వస్తే చాలు' అనే చోట పట్టా దొరుకుతుంది, విద్య దొరకదు. అలాంటి పట్టాతో కోర్టులో నిలబడితే నష్టపోయేది కక్షిదారు.

తల్లిదండ్రులకు ఒక నిజం దాచకుండా చెప్పాలి. చదువు ముగిసినా ఆదాయం వెంటనే రాదు. బార్ కౌన్సిల్‌లో నమోదు కావాలి, అఖిల భారత బార్ పరీక్ష ఉత్తీర్ణత సాధించాలి, సీనియర్ దగ్గర పని నేర్చుకోవాలి. నమోదు రుసుము చట్టం చెప్పినదానికి మించి వసూలు చేయరాదని 2024లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జనరల్ అభ్యర్థులకు అది 750 రూపాయలే. జూనియర్ సివిల్ జడ్జి కావాలన్నా మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025లో అదే కోర్టు నిర్దేశించింది. ఆ మూడేళ్లు ఇంటివారు నిలబెట్టాలి. గల్ఫ్ వీసా కోసం అప్పు చేయగలిగిన కుటుంబం ఈ మూడేళ్లు ఓపిక పట్టలేదా? ఒక్క ఇంటివల్ల కాకపోతే జమాఅత్ పూనుకోవాలి. పెళ్లి విందులో ఒక్క వంటకం తగ్గిస్తే ఒక జూనియర్ వకీలుకు కొన్ని నెలల ఖర్చు మిగులుతుంది.

ఆడపిల్లల విషయంలో సంకోచించేవారు జస్టిస్ ఫాతిమా బీవీని గుర్తు చేసుకోండి. కేరళలోని పత్తనంతిట్టలో పుట్టిన ఆమెను లా వైపు నడిపించింది కన్న తండ్రే. ఆమె 1950లో న్యాయవాదిగా నమోదయ్యారు, మున్సిఫ్‌గా మొదలుపెట్టి 1989లో సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు. అంత ఎత్తుకు అందరూ చేరకపోవచ్చు. కాని మెహర్, భరణం, వారసత్వ వాటా గురించి ఒక చెల్లెలు నోరు విప్పి చెప్పుకోవాలంటే ఎదుట మరో స్త్రీ కూర్చుని ఉండటం ఎంత ధైర్యమో ఆలోచించండి. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద స్త్రీలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. ఆ హక్కు ఉందని చెప్పేవారే మన వాడలలో కరువు.

పిల్లలారా, చివరగా ఒక మాట. మీరు కేవలం మనవారి వకీలు కాకండి. సొంతవారికి వ్యతిరేకమైనా న్యాయం వైపే నిలవాలని నిసా సూరా మనకు నేర్పింది. దళితుడి భూమి కోసం, కూలివాడి జీతం కోసం, అత్తింట బాధపడే ఏ మతపు ఆడబిడ్డ కోసమైనా నిలబడండి. అప్పుడు మన హక్కుల కోసం మీరు లేచి మాట్లాడితే ఆ మాటకు బరువు ఉంటుంది.

ఈ సభలోనుంచి ఈ ఏడు ఒక్క బిడ్డ అయినా వేరే సీటు దొరకక కాకుండా, కోరుకుని లా కళాశాల గడప తొక్కాలి. అల్లాహ్ ఆ బిడ్డకు జ్ఞానాన్ని, మనకు ఓపికను ప్రసాదించుగాక. ఆమీన్.