తిరగబెట్టు కేన్సరు – రక్తపరీక్ష

అండాశయమునకు సోకిన కేన్సరు శస్త్రచికిత్సచేతను, మందులచేతను అణగిన పిమ్మట రోగిని, ఇంటివారిని వెన్నాడు ప్రశ్న ఒక్కటే: అది మరల వచ్చునా? ముదిరిన దశలో బయటపడిన ఈ రోగము పెక్కుమందిలో తిరగబెట్టుట కలదు. కనుక దానిని ముందుగా పసిగట్టవలెనని మనమెల్లరము కోరుదుము.

1981లో అమెరికాలో రాబర్టు బాస్టు, ఆయన సహచరులు ఈ కేన్సరు కణములను గుర్తుపట్టు ప్రతిరక్షకము నొకదానిని తయారుచేసిరి. అది పట్టుకొను పదార్థమునకు సి.ఏ. 125 అని పేరు. 1983 నాటికి దానిని రక్తములో కొలుచు పద్ధతి ఏర్పడెను. మిల్లీలీటరునకు 35 యూనిట్ల వరకు సాధారణమని లెక్క. రోగము తిరగబెట్టునపుడు, బాధలు కనబడుటకు కొన్ని నెలల ముందే ఈ అంకె పెరుగుట తరచుగా జరుగును. అయితే నెలసరి, గర్భము, పొత్తికడుపులోని వాపు మొదలగువాని వలనను అది పెరుగవచ్చును.

ముందుగా తెలిసినచో ముందుగా మందు వాడుదుము, అందువలన ఆయువు పెరుగునని మనకు తోచును. బ్రిటను మొదలగు దేశముల వైద్యులు ఈ నమ్మకమును పరీక్షించి, 2010లో ఫలితములను ప్రకటించిరి. తొలి చికిత్సతో నెమ్మదించి, పిదప ఈ అంకె సాధారణ పరిమితికి రెండురెట్లు మించిన 529 మంది స్త్రీలను రెండు జట్లు చేసిరి. మొదటి జట్టునకు వెంటనే మందు లిచ్చిరి. రెండవ జట్టునకు అంకె తెలుపక, లక్షణములు కనబడిన పిదపనే ఇచ్చిరి. మొదటివారికి చికిత్స సుమారు ఐదు నెలలు ముందుగా ఆరంభమయ్యెను. అయినను ఆయువు పెరుగలేదు. సగముమంది జీవించియుండిన కాలము మొదటి జట్టులో 25.7 నెలలు, రెండవ జట్టులో 27.1 నెలలు. పైగా మొదటివారికి మందుల బాధ ముందుగా వచ్చి, సుఖముగా గడపదగిన దినములు తరిగినవి.

అయినచో పరీక్ష వ్యర్థమా? కాదు. చికిత్స జరుగునపుడు మందు పనిచేయుచున్నదో లేదో అది తెలుపును. మరియు 2021లో వెలువడిన మరొక పరిశోధనలో, మొదటిమారు తిరగబెట్టినవారిలో తగినవారిని జాగ్రత్తగా ఎంచి మరల శస్త్రచికిత్స చేయగా, ఆ కాలము 46 నెలలనుండి 53.7 నెలలకు పెరిగెను. అట్టి శస్త్రచికిత్సకు తగినవారెవరో నిర్ణయింపవలసినపుడు ముందుగా తెలియుట ఉపకరింపవచ్చును.

కావున నెమ్మదించిన రోగి ప్రతి మూడునెలలకు రక్తమిచ్చుటకు ముందు, అంకె పెరిగినచో ఏమి చేయుదురో వైద్యుని అడిగి తెలిసికొనవలెను. పరీక్ష వలదనుకొన్నను, కడుపుబ్బరము, నొప్పి, ఆకలిమాంద్యము విడువక బాధించునపుడు ఆలస్యము చేయరాదు. ఆమె నిర్ణయ మేదైనను, ఇంటివారము దానిని మన్నింపవలెను.