ఈ-మెయిల్‌కూ సంతకం సరిచూడాలి

(సిబ్బంది కుటుంబాల సమావేశంలో సైబర్ భద్రతపై చేసిన ప్రసంగ పాఠం)



చెక్కు మీద సంతకం తేడా ఉంటే డబ్బివ్వరని బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. ఎంత పెద్దమనిషి పేరున్నా సరే, బ్రాంచిలో ఉన్న నమూనా సంతకంతో పోల్చి చూడాల్సిందే. ఈ-మెయిల్‌లో అదే పని ఎలా జరుగుతుందో ఈ రోజు చెప్పుకుందాం. సాంకేతిక విషయమని భయపడకండి. ఇది మీకు తెలిసిన సంగతే, వేషం మాత్రం వేరు.

ముందు చిక్కేమిటో చూద్దాం. మెయిళ్లు చేరవేసే పద్ధతిని 1982లో ఖరారు చేశారు. అప్పట్లో దాన్ని వాడేవాళ్లు చాలా కొద్దిమంది. అందుకే ‘ఫ్రమ్’ అన్నచోట పంపేవారు ఏ పేరు రాస్తే ఆ పేరే కనబడేది. అది నిజమా అని అడిగే ఏర్పాటు అందులో లేదు. పోస్టుకార్డు కింద ‘ఇట్లు, మీ బ్రాంచి మేనేజర్’ అని ఎవరైనా రాయొచ్చు కదా, అలాగన్నమాట. ‘కేవైసీ చేయకపోతే మీ పెన్షన్ ఆగిపోతుంది’ అంటూ బ్యాంకు పేరుతో నాన్నగారికి వచ్చే దొంగ మెయిల్‌కు ఈ సందే దారి.

ఈ సందు మూయడానికి తర్వాత మూడు ఏర్పాట్లు వచ్చాయి.

మొదటిది ఎస్‌పీఎఫ్. మా డొమైన్ పేరుతో మెయిల్ పంపే అధికారం ఫలానా సర్వర్లకే ఉందని యజమాని ఒక జాబితా పెడతారు. అది డీఎన్‌ఎస్‌లో, అంటే ఇంటర్నెట్‌లో అందరూ చూడగల చిరునామాల పట్టికలో ఉంటుంది. మెయిల్ అందుకునే సర్వర్ ఆ జాబితా చూస్తుంది. నగదు కోసం వచ్చిన మనిషి గుర్తింపు కార్డును బ్రాంచిలో సరిచూసినట్టే.

రెండోది డీకిమ్. పంపే సర్వర్ తన రహస్య తాళంచెవితో ప్రతి మెయిల్‌కూ డిజిటల్ సంతకం చేస్తుంది. ఆ సంతకాన్ని సరిచూసే మరో తాళంచెవి డీఎన్‌ఎస్‌లో అందరికీ అందుబాటులో ఉంటుంది. అదే మన నమూనా సంతకం. సంతకం చేసిన భాగంలో దారిలో ఒక్క అంకె మార్చినా లెక్క కుదరదు.

మూడోది డీమార్క్. ఎస్‌పీఎఫ్ చూసేది కవరు మీది చిరునామానే, మనకు కనబడే ‘ఫ్రమ్’ పేరును కాదు. దొంగ తన సొంత డొమైన్ కవరులో బ్యాంకు పేరున్న ఉత్తరం పెట్టి పంపగలడు. అందుకే పై రెండింటిలో కనీసం ఒకటి నెగ్గాలని, అది ‘ఫ్రమ్’ డొమైన్‌తో సరిపోలాలని డీమార్క్ అడుగుతుంది. సరిపోకపోతే ఏం చేయాలో కూడా యజమానే చెబుతారు: ఊరికే గమనించాలా, స్పామ్‌లో వేయాలా, తిప్పికొట్టాలా.

ఈ పని 2025లో మన బ్యాంకులన్నింటి ముందుకూ వచ్చింది. బ్యాంకులకు మాత్రమే ఇచ్చే ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ డొమైన్‌ను రిజర్వ్ బ్యాంక్ 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఆ ఏడాది అక్టోబరు 31లోగా దానికి మారాలని గడువు పెట్టింది. వాటిని నమోదు చేసేది మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ. డొమైన్ మారితే ఈ మూడు ఏర్పాట్లూ కొత్త పేరుకు మళ్లీ చేయాలి. పాత పేరునూ గాలికి వదిలేయకూడదు. జనం ఇంకా దాన్ని నమ్ముతారు కాబట్టి, దాని పేరుతో వచ్చే దొంగ మెయిళ్లనూ తిప్పికొట్టమని చెప్పాలి.

ఇందులో తొందర పనికిరాదు. ఏ బ్యాంకుకైనా మెయిళ్లు ఒక్కచోటి నుంచే వెళ్లవు. ఖాతా స్టేట్‌మెంట్లు ఒక సంస్థ, కార్డు బిల్లులు మరో సంస్థ పంపుతూ ఉండొచ్చు. వాటిలో ఒకదాన్ని మరచిపోయి ‘తిప్పికొట్టు’ అని పెడితే దొంగతో పాటు మన స్టేట్‌మెంటు కూడా వెనక్కి పోతుంది. అందుకే మొదట ‘ఊరికే గమనించు’ అని పెట్టి, అందుకునే సర్వర్ల నుంచి వచ్చే నివేదికలు చదవాలి. లోపాలు సరిచేసుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కాలి. ఒక డొమైన్‌కు ఒకే ఎస్‌పీఎఫ్ రికార్డు ఉండాలి. దాన్ని సరిచూడటానికి డీఎన్‌ఎస్‌లో వెతుకులాటలు 10 దాటకూడదు. మెయిల్‌ను ఇంకో చిరునామాకు ఫార్వర్డ్ అయ్యేలా పెట్టుకుంటే ఎస్‌పీఎఫ్ తప్పే అవకాశం ఎక్కువ. అప్పుడు ఆదుకునేది డీకిమ్ సంతకమే.

ఇక పరీక్ష సంగతి. మన మెయిల్ చేరిందని చూసి ఊరుకుంటే అది సగం పరీక్షే. జాబితాలో లేని సర్వర్ నుంచి మన పేరుతో ఒక మెయిల్ మనమే పంపి, అది ఆగిందో లేదో చూడాలి. సరైన తాళంచెవితో తలుపు తెరుచుకుంటే చాలదు, తప్పు తాళంచెవితో తెరుచుకోకూడదు కూడా.

మీలో అపార్ట్‌మెంట్ సంఘానికో, సొంత వ్యాపారానికో డొమైన్ నడిపేవారు ఉంటారు. ఈ మాటలు మీకూ వర్తిస్తాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారికి ఈ మూడూ ఉండాలని గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి నియమం పెట్టింది. తక్కువ పంపేవారికీ మొదటి రెండింటిలో ఒకటైనా తప్పదు.

ఒక హెచ్చరిక. ఈ మూడూ నెగ్గితే మెయిల్ ఆ డొమైన్ నుంచే వచ్చిందని తెలుస్తుంది. పంపినవాడు మంచివాడని మాత్రం కాదు. దొంగ కూడా ఒక అక్షరం తేడాతో డొమైన్ కొని, మూడింటినీ పక్కాగా పెట్టుకోగలడు. అందుకే చిరునామాను చివరి నుంచి వెనక్కి చదవండి. చివర ‘బ్యాంక్ డాట్ ఇన్’ ఉండాలి, దాని ముందు కూడా చుక్క ఉండాలి. చుక్క లేకుండా పేరూ బ్యాంకూ కలిసిపోయి ఉంటే అది ఎవరైనా కొనుక్కోగల మామూలు డొమైనే.

ఈ రాత్రి ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని కంప్యూటర్‌లో జీమెయిల్ తెరవండి. బ్యాంకు మెయిల్ ఒకటి తీసి, మూడు చుక్కలు నొక్కి, ‘షో ఒరిజినల్’ చూడండి. ఈ మూడు పేర్లూ, వాటి పక్కన ‘పాస్’ అనీ ఉన్నాయేమో చూపించండి. మెయిల్ ఎంత అసలైనదిగా కనబడినా అందులో ఓటీపీ, పిన్ అడిగితే ఇవ్వొద్దని చెప్పండి. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి గంటలు గడిపితే ఆ డబ్బు చేతులు మారిపోతుంది.